బనావే: ఇఫుగావ్ కొండల్లో ఒక మున్సిపాలిటీ – తరచుగా అడిగే ప్రశ్నలు

బనావే ఎక్కడుంది?

ఫిలిప్పీన్స్‌లో ఉత్తరాన ఉన్న పెద్ద దీవి లుజోన్. దాని నడుమ నిలువుగా సాగే కొండల వరుస కార్డిలియెరా. ఆ వరుసలోని ఇఫుగావ్ ప్రావిన్స్‌లో ఉన్న 11 మున్సిపాలిటీల్లో బనావే ఒకటి. కొండవాలును మెట్లుగా చెక్కి కట్టిన వరి పొలాలకు దీనికి పేరు. ప్రావిన్స్ రాజధాని ఇది కాదు, దక్షిణాన ఉన్న లగావే. పాత మౌంటెన్ ప్రావిన్స్‌ను 1966లో నాలుగు ముక్కలు చేసినప్పుడు ఇఫుగావ్ విడి ప్రావిన్స్ అయింది. మనీలా నుంచి రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు.

ఉత్తరాన మౌంటెన్ ప్రావిన్స్, తూర్పున మయొయావ్, పడమట హుంగ్దువన్, దక్షిణాన హింగ్యోన్ దీనికి హద్దులు. విస్తీర్ణం సుమారు 190 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో 20,652 మంది తేలారు. అంతకు ముందరి లెక్క కంటే ఇది తక్కువ. మిగతా సంగతులు చాలావరకు ఈ తగ్గుదల చుట్టూనే తిరుగుతాయి కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి.

మున్సిపాలిటీ అంటే పట్టణమేనా?

కాదు. తెలుగువాళ్లు మొదట తడబడేది ఇక్కడే. మనకు మున్సిపాలిటీ అంటే పట్టణం, పల్లెలకు పంచాయతీ. ఫిలిప్పీన్స్‌లో ఆ విభజన లేదు. అక్కడి మున్సిపాలిటీ దాదాపు మన మండలం లాంటిది: ఒక చిన్న బజారు ఊరు, చుట్టూ కొండలు, లోయలు, పల్లెలు అన్నీ కలిసి ఒకటే. మండలానికి లేనిది మాత్రం ఒకటుంది. జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే మేయరు, సొంత బడ్జెట్, సొంత శాసనాలు చేసుకునే మండలి దానికి ఉంటాయి.

బనావే కింద 18 బరంగాయ్‌లున్నాయి. బరంగాయ్‌ను మన గ్రామ పంచాయతీ అనుకోవచ్చు. పొబ్లాసియోన్ అనేది బజారు, మున్సిపల్ కార్యాలయం ఉన్న బరంగాయ్. బతాద్, బంగాన్, కంబులో, పులా, దుక్లిగన్, అమ్గనద్, గోహంగ్, బోకోస్ వంటివి మిగతావి. వీటిలో కొన్నింటికి ఇంటి గుమ్మం దాకా బండి పోదు. బస్తా బియ్యం కావాలన్నా, గ్యాస్ సిలిండర్ కావాలన్నా మనిషి భుజం మీద వెళ్లాల్సిందే.

వాతావరణం ఎలా ఉంటుంది?

మెట్ల పొలాలు సముద్రమట్టానికి 1,500 మీటర్ల దాకా ఉన్నాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు స్వెట్టరు కావాలి, పొద్దున్నే పొగమంచు. జూన్ నుంచి నవంబరు దాకా తుపానులు, మధ్యాహ్నం దాటితే వాన. అరకు చలి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఇక్కడి వాన మాత్రం వేరు.

ఈ మెట్ల పొలాలు నిజంగా 2,000 ఏళ్ల నాటివా?

పర్యాటక కరపత్రాలన్నీ అదే చెబుతాయి. ఆ అంకె ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెన్రీ ఓట్లీ బేయర్, రాయ్ బార్టన్ అనే పరిశోధకులు వేసిన అంచనా. ఇంత కొండను చెక్కడానికి ఎన్నాళ్లు పట్టి ఉంటుందో లెక్కగట్టి చెప్పారు తప్ప, మట్టిని తవ్వి తేల్చింది కాదు. పురావస్తు పరిశోధకుడు స్టీఫెన్ అకబాదో బృందం ఇఫుగావ్‌లోనే ఉన్న కియాంగన్ పరిసరాల్లో తవ్వకాలు జరిపి, కార్బన్ పరీక్షలు చేసి, తడి వరి సాగు అక్కడ సుమారు 400 ఏళ్ల కిందట ఊపందుకుందని వాదించింది. స్పానిష్ వాళ్లు లోయల్లోకి చొరబడుతుంటే జనం కొండల పైకి జరిగి, వేగంగా కట్టుకున్న పొలాలని వాళ్ల మాట. అంతకు ముందు ఆ మెట్ల మీద పండింది చేమ అయి ఉండొచ్చంటారు.

వయసు తగ్గితే గొప్ప తగ్గిందని స్థానికుల్లో కొందరికి కోపం వచ్చింది. మాకైతే రెండో కథే గొప్పగా కనిపిస్తుంది. రెండు వేల ఏళ్లు మెల్లగా చెక్కడం కంటే, కొద్ది తరాల్లో ఇంత పని చేయించగలిగిన కట్టుబాటు పెద్ద సంగతి.

ఈ పొలాలను ‘ప్రపంచ ఎనిమిదో వింత’ అని కూడా అంటారు. అది ఏ జాబితాలోనూ లేదు, మాటవరసకి అన్నది.

బనావే యునెస్కో జాబితాలో ఉందా?

ఉంది, లేదు కూడా. 1995లో యునెస్కో ‘ఫిలిప్పీన్ కార్డిలియెరాల వరి మెట్లు’ అన్న పేరుతో అయిదు సముదాయాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది: బతాద్, బంగాన్, మయొయావ్ మధ్యభాగం, హుంగ్దువన్, కియాంగన్‌లోని నగకదన్. మొదటి రెండూ బనావే మున్సిపాలిటీలోనివే. కానీ బజారుకు దగ్గర్లో వ్యూపాయింట్ నుంచి అందరూ ఫొటో తీసే పొలాలు, 20 పీసోల నోటు వెనక అచ్చయిన పొలాలు ఆ అయిదింటిలో లేవు. వాటి మధ్య రేకుల ఇళ్లు, కాంక్రీటు గోడలు ఎక్కువైపోవడమే కారణమని చెబుతారు. ఫిలిప్పీన్స్ చట్టం ప్రకారం మాత్రం అవి 1973 నుంచి రక్షిత జాతీయ సంపద.

గట్లు కూలిపోవడం, పొలాలు బీడు పడటం చూసి 2001లో వీటిని ‘ప్రమాదంలో ఉన్న వారసత్వం’ జాబితాలో వేశారు. 2012లో తీసేశారు. అదే 2001లో యునెస్కో గుర్తించింది ఇంకొకటి ఉంది: హుద్‌హుద్. నాట్లప్పుడు, కోతలప్పుడు, చావు ఇంట జాగారం చేసేటప్పుడు ఆడవాళ్లు పాడే దీర్ఘ గాథాగానం అది.

చెరువు లేదు, ఆనకట్ట లేదు. కొండమీద మడికి నీళ్లెలా?

అడవే చెరువు. ప్రతి పొలాల గుంపుకీ పైన ఒక చెట్ల తోపు ఉంటుంది, దాన్ని ముయోంగ్ అంటారు. అది కుటుంబానిదో వంశానిదో. వంటచెరకు, ఇంటి దూలం, చెక్కడానికి కర్ర, రట్టాన్ తీగ, మందు మొక్కలు అన్నీ అక్కడివే. అసలు పని మాత్రం నీటిది. ఆకుల చెత్త, వేళ్లు వాననీటిని పట్టి ఉంచి, ఎండాకాలంలోనూ ఊటగా వదులుతాయి. ఆ ఊటను సన్నటి కాలువలతో, వెదురు గొట్టాలతో పై మడికి తెస్తారు. పై మడి నిండాక గట్టులో పెట్టిన మదుం గుండా కింది మడికి దిగుతుంది. అలా పై నుంచి ఏటి దాకా మడి తరవాత మడి.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. పై రైతు తన మడిని వదిలేస్తే అతనొక్కడే నష్టపోడు, కింద పది మడులకు నీరు దారి తప్పుతుంది. ముయోంగ్ యజమాని కర్రకోసం తోపును పలచన చేస్తే, ఆ సంగతి కిందివాళ్లకు రెండు మూడేళ్ల తరవాత, ఊట సన్నబడ్డాక తెలుస్తుంది. ఎవరి పొలం వాళ్లది, నీళ్లు మాత్రం అందరివి. బనావేలో తగవులన్నీ ఈ ఒక్క వాక్యంలోంచి పుడతాయంటే తప్పులేదు.

ఏ నెలలో ఏ పని?

పాత వరిని తినావోన్ అంటారు. ‘ఏడాదికోసారి వచ్చేది’ అని ఆ మాటకు అర్థం. మినాంగన్, ఇంబువుకన్ లాంటి రకాలన్నీ దీని కిందికే వస్తాయి. ఎత్తు, చలి, బరంగాయ్‌ను బట్టి నెల అటూ ఇటూ అవుతుంది గానీ వరస ఇదీ:

నవంబరు, డిసెంబరుల్లో నారుమడి. గింజల్ని విడగొట్టి చల్లరు, విత్తనానికని దాచిన వెన్నుల్నే బురద మీద పరుస్తారు. ఈలోపు మడుల్లో కలుపు పీకి, ఆ పచ్చి గడ్డినే బురదలోకి తొక్కి ఎరువు చేస్తారు. ఎడ్లు, దున్నలు ఈ సన్నటి మెట్ల మీద తిరగవు. దమ్ము చేసేది మనిషి కాళ్లు, ఒక చెక్క పార. జనవరి, ఫిబ్రవరుల్లో ఊడ్పు. తరవాత కలుపు తీత, గట్ల మీద గడ్డి చెక్కడం, ఎలుకల్ని పట్టడం. జూన్, జులైల్లో కోత.

కోతకు కొడవలి వాడరు. అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నును కాడతో కోసి, పిడికెడయ్యాక వెదురు నారతో కట్ట కడతారు. కట్టలు ఎండాక నాలుగు స్తంభాల మీద నిలిపిన చెక్క గాదెలోకి చేరతాయి. స్తంభం పైకొస, దూలానికి కాస్త కింద, గుండ్రటి చెక్క బిళ్ల తొడిగి ఉంటుంది. దాన్ని హలిపన్ అంటారు. స్తంభం ఎక్కిన ఎలుక ఆ బిళ్ల అంచు దాటలేక జారిపడుతుంది. పాత ఇళ్లకూ ఇదే ఏర్పాటు. ఇప్పుడు రేకుల కప్పు వేసిన ఇళ్లలో కూడా కొన్నిచోట్ల ఈ బిళ్లలు కనిపిస్తాయి.

కోత అయ్యాక మడిని ఎండబెట్టరు. నీళ్లు నిలిపే ఉంచుతారు. ఎందుకో గట్ల ప్రశ్నలో చూడండి.

ఫిలిప్పీన్స్ అంటే ఐఆర్-8 పుట్టిన దేశం కదా. ఇక్కడ ఆ వరి ఎందుకు వేయరు?

మంచి ప్రశ్న. లాస్ బాన్యోస్‌లో 1960లో నెలకొన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8ను విడుదల చేసింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని వేసి పండించి ‘మిస్టర్ ఐఆర్-8’ అనిపించుకున్నారు. డెల్టా రాత మార్చిన ఆ వంగడం, తను పుట్టిన చోటికి ఒక్క రాత్రి బస్సు ప్రయాణంలో ఉన్న బనావే కొండను మాత్రం ఎక్కలేకపోయింది.

కారణాలు మూడు. ఒకటి చలి. పొట్ట దశలో ఊట నీరు చల్లగా తగిలితే పల్లపు రకాల్లో గింజ తాలుపోతుంది. తినావోన్ ఆ చలికి అలవాటుపడ్డ వరి. రెండోది నీరు, ఎరువు. పొట్టి వంగడం దిగుబడి చూపించాలంటే యూరియా పడాలి, ఆ బస్తా మోయడానికి కూలి పడాలి. మూడోది, అందరూ మరిచేది: పనుల వరస. ఊళ్లో మొదట ఏ మడిలో నాటు పడాలి, మొదట ఏ మడి కోయాలి అనేది ఆనవాయితీగా ఒక పెద్ద కుటుంబం నిర్ణయించేది, మిగతావాళ్లు ఆ వెనకే దిగేవాళ్లు. అందరిదీ ఒకేసారి పండితే ఎలుకలూ పిట్టలూ అందరి మీదా పంచుకుపోతాయి. ఒకడు మాత్రం నాలుగు నెలల రకం వేస్తే, ఊరంతా పచ్చగా ఉన్నప్పుడు వాడి మడి పండుతుంది, ఊళ్లో ఎలుకలన్నీ వాడికే.

కాస్త దిగువ ప్రాంతాల్లో రెండో పంటగా కొత్త రకాలు వేసేవాళ్లున్నారు.

గట్లు ఎందుకు కూలతాయి? మళ్లీ ఎలా కడతారు?

ఎక్కువసార్లు వాన నెపమే, రోగం ముందే ఉంటుంది. బంకమట్టి ఒకసారి ఎండి నెర్రెలిచ్చిందంటే, తొలి వాన ఆ నెర్రెల్లోకి దిగి గోడ వెనక చేరుతుంది. బయటికి పోయే దారి లేక గోడను ముందుకు నెడుతుంది. మధ్య భాగం కడుపులా ఉబ్బుతుంది, తరవాతి పెద్ద వానకు పడిపోతుంది. అందుకే కోత అయ్యాక కూడా మడి తడి ఆరనివ్వరు. బీడు పెట్టిన మడి ఏడాది రెండేళ్లలో కూలేదీ అందుకే. పెద్ద వానపాములు, ఎలుకలు గట్టులో చేసే బొరియలు రెండో కారణం. మదుం ఆకులతో పూడుకుపోయి నీరు గట్టు మీదుగా పొర్లడం మూడోది. దీన్ని రోజూ ఒక చుట్టు తిరిగి చూసే మనిషి ఉంటే చాలు, అయిదు నిమిషాల పని. ఆ మనిషి మనీలాలో ఉంటే అదే అయిదు మీటర్ల గండి.

మళ్లీ కట్టడం ఇలా. ముందు పై నుంచి వచ్చే నీటిని పక్క కాలువకు మళ్లిస్తారు. పడిన మట్టిలో పైపొర నల్లమట్టిని విడిగా ఎత్తి పెడతారు, అదే పంట పెట్టేది, అది కలిసిపోతే ఆ మడి కొన్నేళ్లు పండదు. ఊట ఎక్కడ పుడుతోందో వెతుకుతారు. ఈ పని దాటేసి గోడ లేపితే ఏడాది తిరక్కుండా మళ్లీ అక్కడే పడుతుంది. తరవాత గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వి, అతిపెద్ద రాళ్లు అడుగున వేస్తారు. ప్రతి వరసా కొండ వైపు కొద్దిగా వాలేలా, పొడుగాటి రాయిని లోపలికి పొడిచినట్టు పెడతారు. సిమెంటు ఉండదు. రాతి వరస వెనక గులకరాళ్లు, కంకర, ఆ వెనక మట్టి. గులక పొర నీటిని కిందికి దింపి రాళ్ల సందుల్లోంచి వదిలేస్తుంది, గోడ మీద ఒత్తిడి పడదు. పైన బంకమట్టిని తొక్కి తొక్కి నీరు ఇంకని పడక చేసి, దాని మీద దాచిన నల్లమట్టి పరుస్తారు. కొన్ని గోడలు మనిషి ఎత్తుకు రెండు మూడింతలుంటాయి.

సిమెంటుతో కట్టేస్తే పోదా అని అడుగుతారు. కొన్నిచోట్ల కట్టారు కూడా. సిమెంటు గోడకు ఊపిరి ఉండదు. వెనక నీరు చేరి, రాతి గోడ నెలల తరబడి ఉబ్బి హెచ్చరించే చోట, ఇది ఒక్కసారిగా విరిగి కింది మడుల మీద పడుతుంది. సిమెంటు వాడక తప్పదనుకుంటే అడుగున నీరు పోయే గొట్టాలు వదలాలి.

ఈ పనికి ఊళ్లో బదులు పని ఆనవాయితీ ఉంది, ఉబ్బు అంటారు. ఈరోజు నీ గట్టు, రేపు నా గట్టు. ఇంటికో మనిషి వలస పోయాక బదులు తీర్చే చేతులు తగ్గాయి, కూలి ఇచ్చి కట్టించుకోవాల్సి వస్తోంది. ఒక గండికి పోసే కూలి ఆ మడి ఎన్నేళ్ల పంటకు సమానమో రైతు లెక్క వేసుకుంటాడు. వేసుకుని, చాలాసార్లు వదిలేస్తాడు.

నత్తల గొడవ ఏమిటి?

1980ల మొదట్లో తిండికి పనికొస్తాయని తెచ్చిన దక్షిణ అమెరికా జాతి బంగారు నత్తలు ఇవి. ఫిలిప్పీన్స్‌లో గోల్డెన్ కుహోల్ అంటారు. తినేవాళ్లు లేక పొలాల్లోకి పాకాయి. ఊడ్చిన లేత నారును రాత్రికి రాత్రి మొదలంటా కొరికేస్తాయి.

మందు కొడితే మడిలో చేపలు, తినే స్థానిక నత్తలు పోతాయి, కాబట్టి చేత్తోనే పట్టాలి. నాటిన మొదటి రెండు వారాలు నీరు రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా ఉంచాలి, నీరు పలచనైతే అవి కదలలేవు. గట్టు వెంట చిన్న గాడి తీస్తే నీరున్న గాడిలోకే చేరతాయి, అక్కడ ఏరాలి. నీరు వచ్చే చోట జల్లెడ పెట్టాలి. బొప్పాయి, చేమ ఆకులు అక్కడక్కడ వేస్తే వాటి కింద గుమిగూడతాయి. గట్టు రాళ్లకు, నారు కాడలకు గులాబీ రంగు గుడ్ల ముద్దలు కనబడితే నలిపేయాలి. నారు 25 నుంచి 30 రోజులు ముదిరాక నాటితే నష్టం తగ్గుతుంది.

పండిన బియ్యం ఊరికి సరిపోతుందా? మరి దేనిమీద బతుకుతారు?

సరిపోదు. చాలా కుటుంబాలకు సొంత బియ్యం ఏడాదిలో కొన్ని నెలలకే. మిగతా నెలలకు పల్లపు ప్రాంతం నుంచి లారీలో వచ్చిన బియ్యం, కొండవాలు పోడులో వేసిన చిలగడదుంప. నిజానికి ఎన్నో తరాలుగా పేదింటి రోజువారీ తిండి చిలగడదుంపే. వరి అన్నం పరువు, పండగ, పూజ. బియ్యాన్ని పులియబెట్టి చేసే బాయా అనే మద్యం లేనిదే ఏ శుభకార్యమూ జరగదు. ఏప్రిల్‌లో జరిగే ఇంబాయా పండగ పేరు దాని నుంచి వచ్చిందే.

నగదు వచ్చే దారులు వేరు: పర్యాటకం, చెక్కబొమ్మలు, నేత, ప్రభుత్వ ఉద్యోగం, ఎత్తు ప్రాంతాల్లో కూరగాయలు, బయట పనిచేసే పిల్లలు పంపే డబ్బు. తినావోన్ బియ్యాన్ని శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి నగరాలకూ విదేశాలకూ అమ్మే ప్రయత్నాలు జరిగాయి. ధర బాగా వచ్చింది, చిక్కు కూడా వచ్చింది: అమ్మిన కిలోకు బదులు మరో కిలో చవక బియ్యం కొని తినాలి. పైగా చేత్తో ఏరి, ఒకే తేమకు ఎండబెట్టి, రకాలు కలవకుండా చూడాలి. ఎగుమతిదారు వెనక్కి పంపేది ఎక్కువగా రకాలు కలిసినందుకు, గింజ విరిగినందుకు.

ఉన్న మాట చెప్పాలంటే, చూసేవాడు డబ్బు పెట్టేది గదికి, జీపుకు, గైడుకు. గట్టు కట్టే మనిషికి అందులో నేరుగా చేరేది బహు తక్కువ. అందరూ చూడటానికొచ్చేది మాత్రం అతని గట్టునే.

భూమి ఎవరి పేరు మీద ఉంటుంది?

ఇఫుగావ్ ఆచారంలో పెద్ద మడి పెద్ద బిడ్డకు వెళుతుంది, ఆడయినా మగయినా. పెళ్లప్పుడే ఇచ్చేస్తారు. తరవాతివాళ్లకు మిగిలినది, చివరివాళ్లకు ఒక్కోసారి ఏమీ ఉండదు. మడి ముక్కలు కాకుండా నిలబడిందీ, చిన్నవాళ్లు ఊరు వదిలిందీ ఈ ఒక్క ఆచారం వల్లే.

చట్టం మాత్రం చాలాకాలం వేరేలా చూసింది. 1975 అటవీ చట్టం ప్రకారం 18 శాతం, అంతకు మించిన వాలున్న భూమి ప్రైవేటు పట్టాకు పనికిరాదు. బనావేలో అంతకన్నా తక్కువ వాలు వెతకాలంటే బజారు వీధిలోనే వెతకాలి! 1997లో వచ్చిన ఆదివాసీ హక్కుల చట్టం దీన్ని సరిదిద్దింది: వ్యవసాయంలో, నివాసంలో ఉన్న పూర్వికుల భూమికి వాలు అడ్డం కాదంది, గనులు, డ్యాములు లాంటి వాటికి సమాజం ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసింది. మన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, అంటే వాళ్లు తొమ్మిదేళ్లు ముందు. కాగితం మీది హక్కు పొలం దాకా నడవడానికి పట్టే కాలం మాత్రం రెండుచోట్లా ఒకటే తీరు.

పాలన ఎవరి చేతిలో?

1991 స్థానిక ప్రభుత్వ నియమావళి దీనికి ఆధారం. మేయర్, వైస్ మేయర్, ఎనిమిది మంది కౌన్సిల్ సభ్యుల్ని మున్సిపాలిటీ మొత్తం నేరుగా ఎన్నుకుంటుంది. పదవీకాలం మూడేళ్లు, వరసగా మూడుసార్లకు మించి అదే పదవిలో ఉండకూడదు. గత ఎన్నిక 2025 మే 12న జరిగింది. కౌన్సిల్‌ను సంగ్గునియాంగ్ బాయన్ అంటారు, దానికి అధ్యక్షత వైస్ మేయర్‌ది, మేయర్‌ది కాదు. ఇద్దరూ వేర్వేరు పక్షాలైతే బడ్జెట్ నెలల తరబడి ఆగిపోవడానికి కారణం ఇదే. బరంగాయ్ అధ్యక్షుల సంఘం ప్రతినిధి, యువజన మండళ్ల ప్రతినిధి, ఆదివాసీ ప్రతినిధి కూడా అందులో కూర్చుంటారు.

బరంగాయ్‌లో ఒక అధ్యక్షుడు, ఏడుగురు సభ్యులు, ఒక యువజన అధ్యక్షుడు.

ఆరోగ్యం, వ్యవసాయం, సంక్షేమం మున్సిపాలిటీ కింద ఉంటాయి. బడి కేంద్ర విద్యాశాఖది, పోలీసు జాతీయ పోలీసుది. పంతులు రాలేదని మేయరు దగ్గరికి వెళితే ఆయన ఉత్తరం రాయగలడు, అంతే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కువ భాగం మనీలా నుంచి. జాతీయ పన్నుల్లో 40 శాతం స్థానిక సంస్థలకు వెళ్లాలి, అదీ మూడేళ్ల కిందటి వసూలు మీద లెక్కగట్టి. అందులో ప్రావిన్సులకు 23, నగరాలకు 23, మున్సిపాలిటీలకు 34, బరంగాయ్‌లకు 20 శాతం. మున్సిపాలిటీల వాటాను తిరిగి సగం జనాభాను బట్టి, పావు వంతు విస్తీర్ణాన్ని బట్టి, పావు వంతు సమానంగా పంచుతారు. జనం తగ్గితే వచ్చే డబ్బూ తగ్గుతుందన్నమాట. గట్లు ఒకటి రెండు తగ్గాయా అని ఎవరూ అడగరు.

సొంత ఆదాయం ఎందుకు తక్కువంటే, ఆస్తిపన్ను వేసేది ప్రావిన్స్. మౌలిక పన్నులో మున్సిపాలిటీకి 40, బరంగాయ్‌కి 25 శాతం చేరతాయి. పైగా పూర్వికుల భూములకు చాలావరకు పన్ను మినహాయింపు. మిగిలేవి వ్యాపార అనుమతులు, సంత రుసుములు, సందర్శకుల రుసుము.

ఖర్చుకూ కట్టుబాట్లున్నాయి. జాతీయ వాటాలో కనీసం 20 శాతం అభివృద్ధి పనులకు. క్రమబద్ధ ఆదాయంలో కనీసం 5 శాతం విపత్తు నిధికి, ఆ నిధిలో 30 శాతం తక్షణ సహాయానికి పక్కన పెట్టాలి. ఆదాయం తక్కువున్న నాలుగో తరగతి, ఆ కింది మున్సిపాలిటీల్లో జీతాల ఖర్చు ఆదాయంలో 55 శాతం దాటకూడదు, పై తరగతుల్లో 45. లెక్క కోసం ఏడాది ఆదాయం 15 కోట్ల పీసోలు అనుకోండి. విపత్తు నిధి 75 లక్షలు, అందులో తక్షణ సహాయం 22.5 లక్షలు. ఒక కొండచరియ రోడ్డు మీద పడితే యంత్రాల అద్దెకూ డీజిలుకూ అందులో ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి.

సాధారణ పనులకు ఎక్కడికి వెళ్లాలి?

నివాస ధ్రువపత్రం, వ్యాపారానికి తొలి అనుమతి బరంగాయ్ కార్యాలయంలో. సెదులా అనే పన్ను రసీదు మున్సిపల్ కోశాధికారి దగ్గర: 5 పీసోలు మూలం, ఆదాయంలో ప్రతి 1,000కి ఒక పీసో అదనం. వ్యాపార అనుమతి జనవరి 1 నుంచి 20 లోపు పునరుద్ధరించుకోవాలి, దాటితే అపరాధ రుసుము. పుట్టుక, చావు, పెళ్లి నమోదు మున్సిపల్ రిజిస్ట్రార్ దగ్గర.

తగవులకు దారి వేరు. ఒకే ఊరివాళ్ల నీటి గొడవ, గట్టు గొడవ లాంటివి నేరుగా కోర్టుకు పోకూడదు, ముందు బరంగాయ్ అధ్యక్షుడి ముందు పెట్టాలి. ఆయనకు 15 రోజుల గడువు. కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తుల బృందం కూర్చుంటుంది. రాజీ కుదిరి పది రోజుల్లో ఎవరూ అడ్డు చెప్పకపోతే అది కోర్టు తీర్పుతో సమానం. ఎక్కువమంది పోగొట్టుకునేది ఈ చోటే: కోర్టుకు వెళ్లాలంటే రాజీ కుదరలేదన్న బరంగాయ్ పత్రం కావాలి, అది లేక కేసు వెనక్కి వస్తుంది. చట్టం రాకముందు ఈ పని ముంకలున్ అనే మధ్యవర్తి చేసేవాడు, రెండిళ్ల మధ్య తిరిగి తిరిగి పరిహారం తేల్చేవాడు. నీటి విషయాల్లో ఇప్పటికీ పెద్దల మాటకే విలువ ఎక్కువ.

ప్రమాదాలు?

కొండచరియలు, వాగుల పొంగు. 2022 జులై 7న వరద, బురద బజారు వీధుల గుండా పోయి ఇళ్లు, బండ్లు ముంచేశాయి. కొండ పైన కట్టడాలు పెరిగి, నీటి దారులు మూసుకుపోయిన చోట వాన ఎటు పోతుందో ఆరోజు తెలిసింది. ఉత్తరాన బొంతోక్ వెళ్లే రోడ్డు తుపానుల కాలంలో తరచు మూసుకుపోతుంది.

వెళ్లాలంటే ఎలా?

మనీలా నుంచి రాత్రి బస్సు, తొమ్మిది పది గంటలు. ఏసీ బస్సులో చలి గట్టిగా ఉంటుంది, దుప్పటి ఉంచుకోండి. దావావ్‌లో వైద్యం చదువుతున్న తెలుగు విద్యార్థులు ముందు విమానంలో మనీలా చేరాల్సిందే, అది మరో దీవి. భారతీయులకు 2025 మధ్య నుంచి 14 రోజుల దాకా వీసా లేకుండా ప్రవేశం ఇస్తున్నారు. తిరుగు టికెట్, బస వివరాలు చూపాలి, బయలుదేరే ముందు 72 గంటల్లోపు ఈ-ట్రావెల్ అనే ఆన్‌లైన్ నమోదు చేయాలి.

దిగగానే పర్యాటక కార్యాలయంలో రుసుము కట్టి రసీదు తీసుకోండి. నగదు మనీలాలోనే తీసుకెళ్లండి, ఇక్కడి ఏటీఎంను నమ్ముకుని వెళ్లకండి. బతాద్‌కు జీపు కొంత దూరమే, ఆ తరవాత మెట్ల దారి. దిగేటప్పుడు సులువు, ఎక్కేటప్పుడు మోకాళ్లు చెబుతాయి. మధ్యాహ్నం వానకు ముందే నడక ముగించండి.

మడుల్లో ఆకాశం అద్దంలా కనబడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి, పచ్చదనం కావాలంటే ఏప్రిల్, మే, బంగారు రంగు కావాలంటే జూన్ చివర. గట్టు మీద నడిచేటప్పుడు రాతి అంచునే అడుగు వేయండి, మట్టి మీద వేస్తే గట్టు కుంగుతుంది. ఎదురుగా మోత మోస్తూ వచ్చేవాళ్లకు దారి మీరే ఇవ్వాలి.

బులుల్ బొమ్మ కొనొచ్చా?

గాదెకు కాపలా ఉండే ధాన్య దేవత బొమ్మ బులుల్. బజారులో అమ్మేవి కొత్తగా చెక్కినవి, వాటికి ఇబ్బంది లేదు. ‘మా తాతల నాటిది, పూజ చేసినది’ అని చూపించేవాటిలో చాలావరకు పొగ పట్టించి నూనె రాసినవి. ఒకవేళ నిజంగా పాతదైతే జాతీయ మ్యూజియం అనుమతి లేనిదే దేశం దాటదు. కొత్తది కొనండి, కొన్నప్పుడు రసీదు అడగండి.